ఏడు బిళ్లలు

ఆమె తెరకు అంచు కుడుతుండగా ఆటకు వచ్చినవాళ్లు తలుపు తట్టారు. సూదిని గుడ్డలోనే గుచ్చి లేచింది.

అర్థశాస్త్ర ప్రయోగశాలలో ఆమె పని జనాన్ని కూర్చోబెట్టడం. సగం మంది ముందు తలుపులోంచి, సగం మంది వెనక తలుపులోంచి రావాలి. మధ్యలో తెరలు. ఎవరికి ఎవరు జోడీయో తెలియకూడదు. రెండు వైపులా చూసేది ఆమె ఒక్కతే.

ముందు తలుపులోంచి ఆమె అన్న వచ్చాడు. కాలర్ చిరిగితే తిరగేసి కుట్టించుకున్నాడు. కుట్టు వంకర. ఆమె ఆసుపత్రిలో ఉండగా ఆమె కుట్టు దుకాణాన్ని మిషన్లతో సహా అమ్ముకున్నది ఇతనే. ఆ తర్వాత మాటల్లేవు.

అతను తలెత్తలేదు. "ఫ్యాను తగిలేచోట కూర్చోబెట్టమ్మా" అన్నాడు. కూర్చోబెట్టింది.

వెనక వైపు ఒక మనిషి తక్కువయ్యాడు.

"ఇవాళ్టికి నువ్వే కూర్చోమ్మా" అన్నాడు పరిశోధకుడు. "ఆ ఫ్యాను కిందాయనకు జోడీ. తెలిసినవాళ్లు కాదుగా? తెలిసీ దాస్తే ఉద్యోగం పోతుంది, నా చేతుల్లో ఉండదు."

"నాకెవరున్నారు సార్" అంది.

అన్న ముందు పది బిళ్లలు. జోడీకి ఎన్నివ్వాలో అతని ఇష్టం. జోడీ సరేనంటే ఇద్దరికీ బిళ్లకింత డబ్బు. వద్దంటే ఇద్దరూ ఉత్త చేతులతో పోవాలి.

ఒకటో రెండో విదిలిస్తాడు, మొహాన కొడదామని కూర్చుంది. తెర కింద నుంచి పళ్లెం వచ్చింది. అందులో ఏడు.

ఆమె మళ్లీ లెక్కపెట్టింది. మెడ మీద చెమట తుడుచుకుంది. పళ్లెం వెనక్కి తోసింది.

"వద్దు."

ఆట ముగిశాక పరిశోధకుడు తెర తీసి తల పట్టుకున్నాడు. "ఏడు ఇస్తే వద్దంటారా ఎవరైనా? ఎందుకమ్మా?"

"ఆయన మా అన్న సార్."

అవతల కుర్చీ కిర్రుమంది. అన్న లేచి ఆమె మొహం చూశాడు.

"నువ్వటే! ఏడు ఇచ్చాను కదే! బస్సుకి కూడా లేకుండా చేశావు!"

"ఎవరికో ఇచ్చావు" అంది ఆమె. "నాకివ్వలేదు."

అతను ముందు తలుపులోంచి వెళ్లిపోయాడు. పరిశోధకుడు ఏమీ అడగకముందే ఆమె నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. చెప్పులు వేసుకుని వెనక తలుపులోంచి బయటికి నడిచింది.

కిటికీ పక్కన కొత్త తెర సగం అంచుతో వేలాడుతోంది. సూది అందులోనే ఉంది, దారం ఎక్కించి.