ఎడమకి లాగే పిస్టల్

హలో, అందరూ ఉన్నారా? నేనండీ, మెర్ల్‌ని, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం పైభాగం నుంచి. కాఫీ తెచ్చుకుని కూర్చోండి, కాస్త పొడుగు కథే. ఒక పాత వస్తువు ముందు నిలబడి కొనాలా వద్దా అని ఎప్పుడైనా తల గోక్కున్నవాళ్ళకి ఇది పనికొస్తుంది.

మా కాగితం మిల్లు మూతపడింది. యాభై మూడేళ్ళవాడికి కొత్తగా పని ఎవరిస్తారు? తిరగ్గా తిరగ్గా జున్ను గిడ్డంగిలో రాత్రి కాపలా దొరికింది. నవ్వకండి. ఏళ్ళ తరబడి మాగబెట్టిన జున్నుని, అదే చీజుని, లారీ లారీలుగా ఎత్తుకుపోయేవాళ్ళున్నారు. గిడ్డంగి యజమాని ఒకటే షరతు పెట్టాడు. పిస్టల్ నాదే అయ్యుండాలి, సోమవారం పొద్దున దాంతో గురి పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే నా వెనకాల ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు. నా దగ్గర జింకల వేటకి మా నాన్న వదిలిపోయిన పొడవాటి తుపాకీ తప్ప ఇంకేమీ లేదు. దాన్ని నడుముకి కట్టుకోలేం కదా.

మా ఊళ్ళో పిస్టళ్ళు దొరికేది బెర్నీ అనే ఆవిడ కొట్లోనే. ఒక పక్క చేపల ఎరలు, ఇంకో పక్క తుపాకులు, వానపాముల ఫ్రిజ్ మీద కాఫీ యంత్రం. షెరీఫ్ ఆఫీసు వాళ్ళు, అంటే మా జిల్లా పోలీసులు, తమ డిప్యూటీలకి కొత్త పిస్టళ్ళు కొని పాతవన్నీ బెర్నీకి ఇచ్చేశారు. ఒక్కటి తప్ప అన్నీ చిటికెలో అమ్ముడైపోయాయి. ఆ ఒక్కటీ అద్దాల పెట్టెలో పడి ఉంది. ఒరలోంచి తీసీ పెట్టీ అంచుల దగ్గర నలుపు పోయింది గానీ, లోపల చూస్తే కొత్తదానిలా ఉంది. చీటీ మీద సగం ధర. అంతకు మించి నా దగ్గర లేదు.

"దీనికేం రోగం బెర్నీ, ఇంత చవక?" అన్నాను.

ఆమె గడ్డంతో చిన్నచేపల తొట్టి వైపు చూపించింది. తొట్టి పక్కన మడత కుర్చీలో హార్లన్ కూర్చుని ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళు డిప్యూటీగా చేసి మొన్న వేసవిలో రిటైరైనవాడు. ఆ పిస్టల్ ఆయన నడుముకి వేలాడిందే.

"అది ఎడమకి లాగుతుంది అబ్బాయ్," అన్నాడు హార్లన్.

"వేసవి నుంచీ ఇదే పాట," అంది బెర్నీ. "ఎవరు చేతిలోకి తీసుకున్నా ఈయన ఈ మాటంటాడు, వాళ్ళు దండం పెట్టి వెళ్ళిపోతారు. రెండుసార్లు ధర దించాను. ఇంకోసారి దించితే వానపాముల డబ్బా కొన్నవాళ్ళకి ఊరికే ఇవ్వాలి."

"మరి మీరే కొనుక్కోవచ్చుగా డిప్యూటీ గారూ? రిటైరయ్యేవాళ్ళకి తక్కువకే ఇస్తారంట," అన్నాను.

"ఇస్తామన్నారు. మా ఆవిడ జాయిస్ ఒప్పుకోలేదు. పంతొమ్మిదేళ్ళు ముగ్గురం కాపురం చేశాం, ఇకనైనా ఇద్దరం ఉందాం అంది."

బెర్నీకి చేపల ఎర కోసం జలగలు తెచ్చి ఇచ్చే మైరన్ అక్కడే కాఫీ తాగుతున్నాడు. "అందుకే రోజూ ఇక్కడికొచ్చి చూసుకుని పోతాడు. నేను మా ఆవిడని కూడా అన్నిసార్లు చూడను."

"నీ మొహానికి ఆవిడే నిన్ను చూడదులే," అంది బెర్నీ.

హార్లన్ ఇవేవీ పట్టించుకోలేదు. "దాని లోపం నాకొక్కడికే తెలుసు మెర్ల్. కుడి అంచుకి గురి పెడితే నడిమధ్యన కొడుతుంది. ఆ సంగతి తెలియనివాడి చేతిలో పడి, రేపు వాడి ప్రాణం మీదకొస్తే? ఆ పాపం ఎవరిది?"

ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. మొదటి ఏడాది గురి పరీక్షలో గుళ్ళన్నీ ఎడమకి పోతే, అప్పటి సార్జెంటు "పిస్టలే కాస్త అటు లాగుతోందేమోలే" అన్నాడట. అప్పట్నుంచీ ఏటా కుడి అంచుకి గురిపెట్టి నెగ్గుకొచ్చాడు. మిగతా ఏడాదంతా ఆ పిస్టల్ పేలింది కార్లు గుద్దిన జింకల మీదే. రోడ్డు పక్కన కాళ్ళు విరిగి కొట్టుకుంటున్న జింకని ఆ బాధలోంచి విడిపించాలంటే తలకి ఆనించే కాలుస్తారు. అప్పుడు ఎడమేమిటి, కుడేమిటి?

ఇంటికొచ్చి మా ఆవిడ ఆర్డిస్‌కి చెప్పాను.

"సగం ధరకొస్తే సగం గుళ్ళే తగులుతాయేమో," అంది. "పరీక్ష పోతే ఆ జున్ను ఉద్యోగం కూడా పోతుంది. మళ్ళీ రోజంతా ఇంట్లో నువ్వూ నేనూ. నేను తట్టుకోలేను."

శుక్రవారం సాయంత్రం తలుపు తట్టి హార్లన్ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, పిల్లనిచ్చే ఇల్లు చూడ్డానికి వచ్చినవాడిలా గుమ్మంలోనే ఆగాడు.

"నువ్వు కొంటే అది ఎక్కడుంటుందో ఒకసారి చూసి పోదామని."

పడగ్గదిలో చిన్న ఇనప్పెట్టె చూపించాను. తలుపు తీసి లోపల అరచేయి పెట్టి చూశాడు. "చెమ్మ లేదు. మంచిది. గ్యారేజీలో మాత్రం పెట్టకు, దానికి చలి పడదు. ఏ నూనె వాడతావ్?"

"బెర్నీ ఏదిస్తే అది."

"ఎక్కువ పొయ్యకు. జిడ్డు దానికి నచ్చదు."

ఆర్డిస్ ఆయనకి గుమ్మడికాయ కేకు పెట్టింది. తింటూ అడిగాడు, నేను కోపిష్టినా, తాగుతానా, నిద్రలో నడుస్తానా అని. ఆయన వెళ్ళాక ఆర్డిస్ పళ్ళెం తీస్తూ అంది, "నన్నిచ్చేటప్పుడు మా నాన్న కూడా నిన్ను ఇన్ని అడగలేదు. అడిగుంటే బావుండేది."

నాకు మాత్రం ఏమీ తేలలేదు. లాగే పిస్టల్ కొంటే సోమవారం పరీక్ష పోతుంది. కొనకపోతే అసలు పరీక్షే లేదు. శనివారం పొద్దున్నే బెర్నీ దగ్గరికెళ్ళి, కొనేముందు కాల్చి చూస్తానన్నాను. కొట్టు వెనకాల మట్టి గట్టు దగ్గర గురి కాగితం తగిలించింది. మైరన్ ఎలాగూ వచ్చాడు. హార్లన్ నా భుజం పక్కనే నిలబడ్డాడు.

"కుడి అంచుకి పెట్టు," అన్నాడు.

పెద్దాయన మాట. అలాగే పెట్టి కాల్చాను. గుండు కుడి అంచుకే తగిలింది.

"చలికి బిగుసుకుంది," అన్నాడు హార్లన్. "ఇంకాస్త కుడికి పెట్టు."

ఇంకాస్త కుడికి పెట్టాను. ఈసారి కాగితానికి తగల్లేదు. గట్టు కింద టంగుమని మోగింది.

"అది నా బకెట్టు," అన్నాడు మైరన్.

 సోమవారం కళ్ళ ముందు కనపడింది. ఇక ఏదైతే అదవుతుందని నడిమధ్యకే గురిపెట్టి కాల్చాను. నడిమధ్యనే తగిలింది. ఇంకో రెండు కాల్చాను. మూడూ ఒకే చోట, కాఫీ కప్పు పెట్టి కప్పేయొచ్చు.

 హార్లన్ కాగితం దాకా నడిచి, ఆ మూడు కన్నాల మీద వేలు పెట్టి చూసుకుని వచ్చాడు.

"నా దగ్గరున్నప్పుడు ఇలా ఉండేది కాదు," అన్నాడు. ఆ గొంతు విని నాకే సిగ్గేసింది, ఎవరి సంసారంలోకో దూరినట్టు.

ఇంతలో బెర్నీ గొంతు సవరించుకుంది. పాపం ఆమెదీ వ్యాపారమే. "అంటే మెర్ల్, పిస్టల్ బాగానే ఉన్నట్టుంది కదా. మరి ఆ లోపానికి తగ్గించిన ధర..."

 తగ్గించక ముందు ధరంటే నావల్ల కాదు. పిస్టల్ మంచిదని తేలింది, ఆ మంచితనంతోనే నా ఉద్యోగం పోయేలా ఉంది.

"ఒకసారి ఇటివ్వు," అన్నాడు హార్లన్.

తీసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, నడిమధ్యకే గురిపెట్టి మూడు కాల్చాడు. వేలు బిగించిన ప్రతిసారీ ఆయన మణికట్టు ఇసుమంత తిరగడం వెనకాల ముగ్గురం చూశాం. మూడూ ఎడమ అంచుకి వెళ్ళాయి. పంతొమ్మిదేళ్ళూ అలాగే వెళ్ళుంటాయి.

ఆయన మా వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశారా?"

బెర్నీ కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది, మైరన్ వైపు చూసింది. అది పిస్టల్ తప్పు కాదు, నీ చెయ్యి అని ఆయన మొహం మీద చెప్పాలి ఎవరో ఒకరు. మావైపు అలాంటి మాట అనడం కంటే జేబుకి చిల్లు పెట్టుకోవడం సుఖం. ఆ సార్జెంటు అప్పట్లో అనలేదు. మేమూ అనలేదు.

"లాగుతోంది," అన్నాడు మైరన్. "బాగా లాగుతోంది."

"అవును. ఎడమకే," అంది బెర్నీ, పళ్ళు బిగబట్టి. "చీటీ మీద ధరకే ఇస్తాను."

"ఆ లోపంతోనే తీసుకుంటాను," అన్నాను వెంటనే.

"మరి ఇతని చేతిలో తిన్నగా పోయిందేం?" అన్నాడు హార్లన్.

 చివరికి బెర్నీయే అంది, "కొత్తవాళ్ళ దగ్గర ఎవరైనా బుద్ధిగానే ఉంటారు డిప్యూటీ గారూ."

హార్లన్ ఆలోచించి తలూపాడు. "అదే అయ్యుంటుంది. నాలుగు రోజులు పోనీ, తెలుస్తుంది."

బెర్నీ చట్టప్రకారం ఫోన్ చేసి నా మీద కేసులేం లేవని కనుక్కుంది. సంతకాలు పెట్టించి, పిస్టల్ నా చేతికిచ్చింది. వచ్చేముందు హార్లన్ దాని వీపు మీద బొటనవేలితో ఒకసారి నిమిరి, ఇక తీసుకెళ్ళు అన్నట్టు తల తిప్పుకున్నాడు.

సోమవారం నెగ్గాను. ఇప్పుడు రాత్రంతా జున్ను మధ్య తిరుగుతున్నాను. పిస్టల్ ఒక్కసారి కూడా ఒరలోంచి తీయాల్సిన పని పడలేదు, కాబట్టి దానికీ పెద్దగా మార్పు తెలిసుండదు.

శుక్రవారాలు క్లబ్బులో వేయించిన చేప తినడానికి వెళ్తే, జాయిస్ పచ్చడి కోసం లేచే దాకా ఆగి హార్లన్ నా బల్ల దగ్గరికొస్తాడు.

"ఎలా ఉంది?"

"కొంచెం లాగుతోందండీ, మీరన్నట్టే."

"చెప్పానా?" అంటాడు. వెళ్ళి తన చేప ప్రశాంతంగా తింటాడు.

అదీ సంగతి. మీకు నచ్చితే ఇంకో నలుగురికి పంపండి. పాత సరుకు బేరమాడేవాళ్ళకి ముందు పంపండి. ఒక్కటే మనవి. విస్కాన్సిన్ పైభాగంలో మీకెవరైనా ఉండి, వాళ్ళు దీన్ని హార్లన్ ఎదుట పైకి చదివితే మాత్రం, నేను కాల్చిన చివరి మూడు గుళ్ళూ ఎడమకే పోయాయని చదవమనండి.