దర్జీ గొంతు

పొద్దున్నే చర్చిలో ఖాళీ కుర్చీలు తుడవడంతో పాస్టరుగారి రోజు మొదలయ్యేది, ఆస్పత్రి వార్డులో దుప్పట్లు మార్చడంతో పాస్టరమ్మది. దేవుడి మాట చెప్పడానికని ఆ పరాయి దేశం వచ్చి ఏళ్ళయింది. ఆయన ప్రసంగానికి అక్కడివాళ్ళు మర్యాదగా తలలూపి వెళ్ళిపోయేవారు. పాస్టరమ్మ దగ్గరికి మాత్రం వస్తూనే ఉండేవారు. ఎవరైనా ఆమె చెయ్యి పట్టుకుని కన్నుమూస్తే వాళ్ళ గొంతు ఆమెలో ఉండిపోయేది మరి.

"మా అత్తగారితో ఓ మాట," అంటూ ఎవరో కోడలు వచ్చి కూర్చునేది. పాస్టరమ్మ ఆ అత్తగారి గొంతుతో "తిన్నావా?" అనేది. కోడలు కళ్ళొత్తుకుని, పనుందని లేచేది.

గొంతులు చేరేకొద్దీ పాస్టరమ్మ సొంత గొంతు సన్నబడింది. "ఇంకొక్కరికే చోటుంది," అన్నాడు డాక్టరు ఆమె నోట్లోకి వేసిన టార్చి ఆర్పుతూ. "ఆ తర్వాత మీది ఉండదు."

అప్పట్నించీ ఆమె చేతులు కోటు జేబుల్లో పెట్టుకునే వార్డులో తిరిగింది. సొంతూరి హాస్టల్లో చదువుకునే చిన్నకూతురు ఆదివారాలు వరండాలోని ఫోన్లోంచి మాట్లాడేది. "నీ మొహం మర్చిపోతున్నానమ్మా, గొంతొక్కటే గుర్తుంది," అనేది.

అంతలో వార్డులో చివరి మంచం మీదున్న దర్జీకి జబ్బు ముదిరింది.

"పాస్టరుగారు మీ పక్కన కూర్చుంటారు," అంది పాస్టరమ్మ.

"ఆయన ప్రార్థన చేస్తాడు. నువ్వు దాచిపెడతావు," అన్నాడు దర్జీ ఆయాసపడుతూ. "మా అమ్మాయి బయల్దేరింది. వచ్చేసరికి నేనుండను. మా మధ్య ఎన్నాళ్ళుగానో మాటల్లేవు."

"ఏం చెప్పాలో చెప్పండి, నేను చెబుతాను."

"నీ గొంతుతో అయితే నమ్మదు."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన తల వంచుకున్నారు. "చెయ్యి పట్టుకోమంటే మన పిల్లకి అన్యాయం. వద్దంటే మనమిక్కడికి ఎందుకొచ్చినట్టు?" అన్నారు.

దర్జీ చెయ్యి దుప్పటి మీద తడుముకుంటోంది. పాస్టరమ్మ చేతులు బయటికొచ్చాయి. తనే తీసిందో, అవే వచ్చాయో ఆమెకి తెలియలేదు.

మర్నాడు దర్జీ కూతురు వచ్చింది. పాస్టరమ్మ నోరు తెరిచింది. "తప్పు నాదేనమ్మా," అన్నాడు దర్జీ. కూతురు పాస్టరమ్మ ఒళ్ళో తలపెట్టి, చాలాసేపటిదాకా లేవలేదు.

ఆదివారం ఫోన్ మోగింది.

"అమ్మా?"

పాస్టరమ్మ తనలో ఉన్నవన్నీ వెతికింది. ఎప్పుడో పోయిన రొట్టెలావిడది కాస్త మెత్తటి గొంతు. దాంతో, "ఎలా ఉన్నావు బంగారం?" అంది.



"మీరెవరండీ? అమ్మకివ్వరా?"

పాస్టరుగారు చెయ్యి చాచారు. ఆమె ఫోన్ వదల్లేదు.

"అమ్మ వార్డుకెళ్ళిందమ్మా," అంది రొట్టెలావిడ గొంతుతోనే.

"పర్లేదండీ," అంది పిల్ల. "వచ్చేదాకా లైన్లో ఉంటాను."