కడిగిన జున్ను గిన్నె

నాకు పాలు పడవు. ఏలూరు డాక్టరుగారు దానికి లాక్టోజు అని పేరు పెట్టి, మాత్రలు రాసి, పాలకి ఆమడ దూరంలో ఉండమన్నారు. అప్పట్నుంచీ పాయసం కనబడితే ప్రయాస. పెళ్లి పంక్తిలో పెరుగు బకెట్టు రాకముందే లేచి పరుగు. ఇంట్లో పాలు తగిలిన ప్రతి గిన్నే నేనే మళ్లీ తోముతాను. మీగడ మరక మిగిలినా నా పొట్టలో బ్యాండుమేళమే. పాలు పోయాక ఏం తాగాలో పాలుపోని మనిషిని.

మొన్న పెదపాడు దగ్గర మా పిన్నత్తగారు వెంకటనరసమ్మగారింటికి వెళ్లాను. ఆవిడ బజారుకెళ్లారు. సాయంత్రం, పాలు పితికే వేళ. అరుగు మీద నేనొక్కణ్ణే. ఉన్నట్టుండి చేపల చెరువుల్లో నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు ఆగిపోయింది.

"ఏవండీ" అన్న పిలుపు.

ఒకావిడ నిలబడి ఉంది. చీర కుచ్చెళ్లు తడిసి నీళ్లు కారుతున్నాయి. చేతిలో సత్తుగిన్నె.

"సువార్తమ్మనండీ, చెరువుగట్టు మీద ఇల్లు. మా గేదె ఈనిందండి. జున్ను తెచ్చాను."

"అయ్యో, నాకు పడదండీ. మీరు జున్నంటున్నారు, నా పొట్ట ఉన్నదీ పోతుందంటోంది."

ఆవిడ నవ్వలేదు. "తొలి జున్ను కాదనకండి బాబుగారూ, పొదుగు ఎండిపోద్ది. గిన్నె మాత్రం కడక్కండేం. కడిగితే దూడకి పాలుండవు. రేపొచ్చి పట్టుకెళ్తాను."

ఇది మా వైపు ఆచారమే. జున్ను గిన్నె కడక్కుండా, చిటికెడు పసుపేసి తిరిగిచ్చేస్తారు.

పొదుగు ఎండిన పాపం నాకెందుకని ఒక్క ముక్క నోట్లో వేసుకున్నాను. బెల్లం, మిరియాలు బాగానే కుదిరాయి. జున్ను మాత్రం చెరువు అడుగు నీళ్లంత చల్లగా ఉంది. పొట్ట ఎప్పుడు మొదలెడుతుందా అని చూశాను. చప్పుడు లేదు. ఇంకో ముక్క. ఎన్నేళ్లకో! గిన్నె ఖాళీ చేశాను.

ఆ సంబరంలో చేతులు వాటి అలవాటు మానలేదు. కుళాయి దగ్గర కూర్చుని, తళతళా మెరిసేదాకా తోమేశాను.

పిన్నత్తగారు గుమ్మంలోనే ఆగారు. "మిరియాల వాసనేవిటి, అల్లుడుగారూ?"

"జున్నండీ. సువార్తమ్మగారిచ్చారు."

ఆవిడ చేతిసంచీ జారిపోయింది. "పోయినేడు కొల్లేరు వరద ఎగదన్నినప్పుడు వాళ్ల గేదె నిండు చూలుతో నీళ్లలో చిక్కుకుంది. దాని కట్టుతాడు విప్పడానికెళ్లిన సువార్తమ్మా తిరిగి రాలేదు. ఆ గట్టే లేదిప్పుడు." నా తడి చేతుల వైపు చూసి అడిగారు. "గిన్నె కడగలేదు కదా?"

పాలు పడని మొహం పాలిపోయింది.

ఇద్దరం కుళాయి దగ్గరకి వెళ్లాం. గిన్నె లేదు. తడి నేల మీద చిన్న చిన్న గిట్టల గుర్తులు వరసగా అరుగు దాకా వచ్చి, నేను కూర్చున్న చోట ఆగిపోయాయి. వెనక్కి వెళ్లిన గుర్తుల్లేవు.

అప్పుడు మొదలైంది పొట్టలో. నా పొట్ట భాష నాకు తెలుసు, ఇది అది కాదు. సన్నగా, ఆకలిగా "అంబా" అంది.

ఏలూరులో స్కానింగు తీయించాను. "గ్యాసండీ" అన్నారు డాక్టరుగారు. మాత్రలకి లొంగలేదు. రోజూ పాలు పితికే వేళకి అదే అరుపు, రాన్రానూ నీరసంగా. ఒకరోజు అది వినలేక, గేదెపాలు గ్లాసుడు గటగటా తాగేశాను. అరుపు ఆగింది. నొప్పీ లేదు, ఉబ్బరమూ లేదు.

కాఫీలో చుక్క పాలు పడితే మాత్రం ఇప్పటికీ మెలికలు తిరిగిపోతాను.

"మీకు పడవు కదండీ?" అంది మా ఆవిడ, గ్లాసందిస్తూ.

"నాక్కాదే" అన్నాను.

ఈమధ్య గ్లాసు చాలడం లేదు, చెంబు కావాలంటోంది. నాకు పెరుగు పడదు. అది మాత్రం పెరుగుతోంది.