గువ్వ కనబడని గురువారం

చలి విరిగి, ఎండ ఇంకా ముదరని ఆ కొద్ది వారాలే ఆ ఇంటికి ఏడాది పొడుగునా అన్నం పెట్టేవి. ఇంటి వెనక మొక్కల నర్సరీ ఉంది. పూలనారు, కూరగాయల నారు, గులాబీ అంట్లు అన్నీ వసంతంలోనే అమ్ముడుపోవాలి. ఆ తర్వాత ట్రేలలో మిగిలింది ఎండిన గడ్డితో సమానం. అందుకని ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికీ కాలు నిలిచేది కాదు. అందరికంటే పెద్దకోడలికి.

ఆవిడకి ఐదుగురు పిల్లలు. పైగా అత్తగారు, మరిది, నెలలు నిండిన తోడికోడలు. పొద్దున లేస్తే ఒక కాలు వంటింట్లో, ఒక కాలు నారుమడిలో. నర్సరీ బోర్డు మీద రాసి ఉన్న ఫోన్ నంబరు కూడా ఆవిడదే. భర్త మొక్కలతో ఎంత మురిపెంగా మాట్లాడతాడో మనుషులతో అంత ముభావంగా ఉంటాడు. అందుకని బేరాలన్నీ ఆవిడే చూసుకునేది.

ఆ వారం మొదలవడమే గాలివానతో మొదలైంది. సోమవారం తెల్లారేసరికి నారు మీద కప్పిన షేడ్ నెట్ సగానికి చిరిగి పక్కవాళ్ళ గోడ మీద వేలాడుతోంది. ఊళ్ళో పార్కుకి పంపాల్సిన పూలనారు అంతా దాని కిందే ఉంది. భర్త, మరిది నిచ్చెనలేసుకుని కుట్టుకుంటూ కూర్చున్నారు. అత్తగారికి అంతకు ముందే కంటి ఆపరేషన్ అయింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద నుంచే, "చుక్కలమందు వేళ అయిందటే?" అని పిలుస్తూ ఉంటుంది. పెద్దమ్మాయికి పరీక్షలు. రెండోవాడు హాస్టల్లో ఉంటాడు. కవలలకి ఎప్పుడూ ఆకలే.

ఇంతమందిలో మూడో పిల్ల గువ్వ. అసలు పేరు బళ్ళో తప్ప ఎవరూ వాడరు. నోట్లో నాలుక లేని పిల్ల. పెట్టింది తింటుంది, చెప్పింది చేస్తుంది, ఎక్కడో ఒక మూల ట్రేల మధ్య కూర్చుని ఉంటుంది. "దీన్ని పెంచినట్టే లేదు, దానంతటదే పెరిగింది," అని పెద్దకోడలు వచ్చినవాళ్ళతో గొప్పగా చెప్పుకునేది.

సోమవారం సాయంత్రం గువ్వ వంటింటి గుమ్మంలోకొచ్చి, "అమ్మా, చెవి నొప్పి," అంది.

"ఏ చెవి?"

"ఎడమది."

"నీళ్ళు పోయుంటాయిలే. బట్ట వేడి చేసి పెట్టుకో. రేపు చూద్దాం."

మంగళవారం పార్కువాళ్ళ లారీ రావాలి, రాలేదు. బదులుగా ఫోన్లు వచ్చాయి. గువ్వ తల చుట్టూ తువ్వాలు కట్టుకుని తిరుగుతుంటే కవలలు, "నాయనమ్మా, నీకు తోడొచ్చింది," అని నవ్వారు. నాయనమ్మా నవ్వింది. పెద్దకోడలికీ నవ్వొచ్చింది. పిల్ల కూడా నవ్వబోయి, దవడ పట్టుకుని ఆగిపోయింది. అది పెద్దకోడలు చూసింది. చూసి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే అటు తిరిగింది.

బుధవారం ట్రేలు ఎండలోంచి లోపలికి మార్చాలి. "గువ్వా, ఇటు రా," అని పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. పిల్ల వీపు తిప్పుకుని తన పని తను చేసుకుంటూ ఉంది. పెద్దకోడలు మట్టి చేతులతోనే వెళ్ళి భుజం పట్టి తిప్పింది.

"ఎన్నిసార్లు పిలవాలే? చెవుడా నీకు?"

"ఇటువైపు వినపడటం లేదమ్మా," అంది గువ్వ.

చేతి కింద భుజం కాలిపోతోంది. ఎండలో ఉంది కదా, అందుకే అనుకుంది పెద్దకోడలు. అనుకుందో, అనుకోవాలని అనుకుందో. "రేపు నాయనమ్మని కంటాసుపత్రికి తీసుకెళ్ళాలి. పక్కనేగా పెద్దాసుపత్రి, నిన్నూ చూపిస్తా. పొద్దున్నే తయారై ఉండు," అంది. గువ్వ తలూపింది.

గురువారం పొద్దున అందరికంటే ముందు తయారైంది గువ్వే. చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడింది. సరిగ్గా అప్పుడే తోడికోడలికి నొప్పులు మొదలయ్యాయి. ఉమ్మనీరు పోయింది. ఇల్లంతా ఒక్కసారిగా గుమ్మంలోకి వచ్చేసింది. మరిది వ్యాను వెనక్కి తిప్పాడు. పెద్దకోడలు దుప్పటి, సంచి, ఫ్లాస్కు చంకన పెట్టుకుని తోడికోడల్ని పట్టుకుని ఎక్కించింది. "అక్కా, నువ్వు రాకపోతే నేను చచ్చిపోతాను," అని ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. వ్యాను గేటు దాటుతుంటే పెద్దకోడలు కిటికీలోంచి, "నాయనమ్మ దగ్గరుండు," అని అరిచింది. గువ్వ నిలబడింది ఎడమ చెవి వీధివైపు పెట్టుకుని.

తనని తీసుకెళ్ళేవాళ్ళు లేక అత్తగారు మళ్ళీ మంచమెక్కింది. గువ్వ వ్యానులో ఎక్కిందనుకుంది. భర్త నెట్ కుడుతూ, పిల్లలందరూ బడికెళ్ళారనుకున్నాడు. పెద్దకోడలు, గువ్వ నాయనమ్మ దగ్గరుందనుకుంది. ఇంతమంది ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని అందరికీ ధీమా.

ప్రసూతి ఆసుపత్రిలో ఆ రోజు ఎలా గడిచిందో పెద్దకోడలికి తెలీదు. లోపల్నుంచి తోడికోడలి కేకలు, బయట ఫోను మోత. టమాటా నారు ఉందా, గులాబీలు ఎంత, లారీ ఎప్పుడు పంపమంటారు. మధ్యాహ్నం ఏదో కొత్త నంబరు వచ్చింది. ఎవరో నారుకోసమేనని కట్ చేసింది. మళ్ళీ వస్తే మళ్ళీ కట్ చేసింది. కాసేపటికి ఛార్జింగ్ అయిపోయి ఫోనే ఆగిపోయింది. "పీడా పోయింది," అనుకుంది హాయిగా. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. మరిదిని అక్కడుంచి, బస్సెక్కి ఇంటికొచ్చింది.

పెద్దమ్మాయి అన్నాలకి కంచాలు పెడుతోంది. అందరూ కూర్చున్నాక ఒక కంచం మిగిలింది.

"గువ్వేదీ?" అంది పెద్దకోడలు.

"నీతో రాలేదూ?" అంది అత్తగారు.

ఆ మాటకి పెద్దకోడలు గిరుక్కున తిరిగింది. "మీ దగ్గర కదా అత్తయ్యా వదిలి వెళ్ళింది." "నా కళ్ళకి ఏం కనపడుతుందే తల్లీ, వ్యానులో ఎక్కిందనే అనుకున్నా." "బళ్ళో?" అన్నాడు భర్త. "ఇవాళ బడికే రాలేదు," అన్నారు కవలలు. పొద్దుటి నుంచి వాళ్ళకి తెలుసు. ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ముందు మంచాల కింద చూశారు. తర్వాత షెడ్డు, ఎరువు గోతాల వెనక, గులాబీల వరసలు. ఇరుగుపొరుగుల ఇళ్ళు. పెద్దకోడలు "గువ్వా, గువ్వా," అని పిలుస్తూనే ఉంది. పిలుస్తుంటే నిన్న పిల్ల అన్న మాట గుర్తొచ్చి నోరు మూతపడిపోయింది. పిలిస్తే వినపడదు దానికి.

నర్సరీ చివర నీళ్ళ తొట్టి ఉంది, మనిషి లోతు. దాని దగ్గరికి అప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు. వెళ్దామని ఎవరూ అనలేదు కూడా. చివరికి భర్త చొక్కా విప్పి అందులోకి దిగాడు. పెద్దకోడలు గట్టు మీద చతికిలబడి రెండు చేతులతో పచ్చటి నాచు పట్టిన అంచు పట్టుకుంది. అతను మునిగి, లేచి, మళ్ళీ మునిగి, నాలుగు మూలలూ కాళ్ళతో తడిమాడు. పైకి లేచినప్పుడల్లా అతని మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు ఆవిడకి. "లేదే," అన్నాడు చివరికి. ఆ తర్వాత తొట్టిలోనే నిలబడి ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆవిడ అతని ఏడుపు చూడటం అదే మొదలు.

చీకటి పడ్డాక పోలీసు స్టేషన్‌కి వెళ్ళారు. బల్ల వెనక కూర్చున్నాయన నిదానస్తుడు. కుర్చీలు చూపించాడు.

"పాప ఏం వేసుకుందమ్మా?"

"నీలం గౌను," అంది పెద్దకోడలు.

"కాదమ్మా, అది నిన్న. దాన్ని నేనే ఉతికి ఆరేశా," అంది పెద్దమ్మాయి. "ఆకుపచ్చది అనుకుంటా."

"పసుపుపచ్చదేమో," అన్నాడు భర్త.

పోలీసాయన కలం ఆపి ముగ్గురి మొహాలూ చూశాడు. "ఫోటో ఉందా?"

ఫోన్లో ఉన్నాయి, బోలెడు. ఛార్జర్ అడిగి తీసుకుని అక్కడే గోడకి పెట్టింది. ఫోను వెలిగేదాకా ముగ్గురూ దానివంకే చూస్తూ కూర్చున్నారు. ఫోటోలు తిప్పుతుంటే కవలలు కేకు కోస్తున్నారు, పెద్దమ్మాయి బహుమతి పట్టుకుని ఉంది, బంతిపూల ట్రేలు, గులాబీలు, మళ్ళీ గులాబీలు. గువ్వ ఒకదాంట్లో కవలల వెనక సగం మొహంతో ఉంది. ఇంకోదాంట్లో చెయ్యి మాత్రమే కనబడుతోంది. ఒక్కతే ఉన్న ఫోటో లేదు. ఎంత వెనక్కి వెళ్ళినా లేదు.

"ఇంతమంది పిల్లలున్నారు కదండీ," అంది పెద్దకోడలు ఆయనతో. ఏం సంజాయిషీ చెప్తోందో తనకే తెలీలేదు.

అప్పుడు ఫోన్లో టకటకా మెసేజీలు దిగాయి. అందకుండా పోయిన కాల్స్ అన్నీ ఒకే నంబరు నుంచి. మధ్యాహ్నం తను కట్ చేసిన కొత్త నంబరు. పోలీసాయనే ఆ నంబరుకి ఫోను చేసి ఆవిడ చేతికిచ్చాడు.

"ఎవరమ్మా మీరు?" అంది అవతల ఆడగొంతు. "నర్సరీ వాళ్ళేనా? మధ్యాహ్నం నుంచి చేస్తున్నా. మీ పాప మా దగ్గరుంది. పెద్దాసుపత్రి, పిల్లల వార్డు. త్వరగా రండి."

పోలీసు జీపులోనే వెళ్ళారు. వార్డు తలుపు దగ్గర నర్సు నిలబడి ఉంది. నడివయసు మనిషి, అలసిపోయి ఉంది. నడుస్తూనే చెప్పింది.

"బస్సెక్కి ఒక్కతే వచ్చిందండీ. చీటీ ఇచ్చే కిటికీ దగ్గర, పెద్దవాళ్ళు లేకపోతే ఇవ్వరని ఎవరో చెప్పారట. వెళ్ళి ఒక పెద్ద సంసారం పక్కన కూర్చుంది. పదిమంది ఉన్నారు వాళ్ళు. వాళ్ళ పిల్లేననుకున్నాం మేం. వాళ్ళు లేచి వెళ్ళిపోయాక చూస్తే బెంచీ మీద ఒరిగిపోయి ఉంది. ఒళ్ళు పేలిపోతోంది. మీ నంబరు మాత్రం తడుముకోకుండా చెప్పింది, బోర్డు మీద ఉంటుందని. బయట పోలీసు చౌకీలో కూడా చెప్పానండీ."

గువ్వ మంచం మీద ఉంది. చేతికి సెలైన్. వేసుకున్నది తెల్లచుక్కల ఎర్రగౌను. ఎడమ చెవి ముందుకి తోసుకొచ్చి, వెనక ఎర్రగా వాచి ఉంది. తల్లి వంగి మొహంలో మొహం పెట్టినా కళ్ళు తెరవలేదు.

డాక్టరు చిన్న కుర్రాడు. గట్టిగా మాట్లాడలేదు. "చీము చెవి వెనక ఎముకలోకి దిగిందమ్మా. అది మెదడువైపు వెళ్తే ప్రమాదం. సంతకం పెడితే తెల్లవారగానే ఆపరేషన్ చేస్తాం. వినికిడి సంగతి ఇప్పుడే చెప్పలేను." ఆగి, "ఎప్పట్నుంచి ఉంది నొప్పి?" అన్నాడు.

"సోమవారం నుంచి," అంది పెద్దకోడలు. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఆవిడ దగ్గర సరైన జవాబుంది.

శుక్రవారం పొద్దున పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద పెద్దకోడలు, భర్త చెరో చివర కూర్చున్నారు. దగ్గరగా జరగడానికి ఇద్దరికీ చాతకాలేదు. నర్సరీలో నెట్ సగమే కుట్టి వదిలేశారు. లారీ వచ్చి, వడలిపోయిన నారు చూసి, ఖాళీగా వెళ్ళిపోయిందని పెద్దమ్మాయి ఫోను చేసింది. "సరే," అన్నాడు భర్త, ఎవరింటి సంగతో విన్నట్టు.

పిల్ల బతికింది. ఎడమ చెవి మాత్రం పోయింది. ఆ సంగతి డాక్టరు శనివారం చెప్పాడు. పెద్దకోడలు తలూపింది. అంతకంటే పెద్ద శిక్షకి సిద్ధపడి ఉండటం వల్ల కాబోలు, వెంటనే ఏడుపు రాలేదు. బయట నల్లా దగ్గర ఫ్లాస్కు కడుగుతుంటే వచ్చింది. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి.

గువ్వకి తెలివొచ్చింది కానీ తల్లిని ఏదీ అడగట్లేదు. దాహమేస్తే నర్సు వచ్చేదాకా ఆగి, ఆవిడనే అడిగేది. తల్లి గ్లాసు అందిస్తే తాగేది, అంతే. దుప్పటి జారిపోతే ఒంటిచేత్తో తనే లాక్కునేది. కోపమై ఉంటే బాగుండుననిపించింది పెద్దకోడలికి. కోపం కాదు అది. అడిగినా దొరకదని తెలిసినవాళ్ళ నెమ్మది.

ఆదివారం ఇల్లంతా వార్డుకి వచ్చింది. అత్తగారు నల్లకళ్ళద్దాలతో మంచం కోడు పట్టుకుని, "నా తల్లే, నా కళ్ళు కాలిపోనూ," అని మొదలుపెట్టింది. కవలలు సెలైన్ గొట్టం ముట్టుకుని చూస్తున్నారు. పెద్దమ్మాయి పరీక్ష ఎలా రాసిందో చెప్తోంది. మరిది ఫోన్లో పసిపిల్ల వీడియో పెట్టాడు. అందరూ గువ్వ చుట్టూ నిలబడి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. గువ్వ కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగింది.

"అందరూ బయటికి నడవండి," అంది పెద్దకోడలు.

"ఏమిటే?" అంది అత్తగారు.

"మీరు కూడా అత్తయ్యా. ఒక్కొక్కరే రండి. వచ్చినవాళ్ళు దానితో మాట్లాడండి."

ఆ ఇంట్లో ఆవిడ ఆ గొంతుతో మాట్లాడటం ఎవరూ ఎరగరు. అత్తగారు ఏదో అనబోయింది. మరిది, "పద అమ్మా," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

పెద్దకోడలు స్టూలు లాక్కుని కుడివైపుకి వచ్చి కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలీలేదు. బేరాలు, కేకలు తప్ప మాటలు మర్చిపోయినట్టుంది. సంచిలో ఫోను మోగితే తీయలేదు.

"పిన్నికి ఎవరు పుట్టారు?" అంది గువ్వ ఉన్నట్టుండి, గోడవైపు నుంచే.

"పాప."

"ఏడుస్తోందా?"

"ఒకటే ఏడుపు. ఇల్లు పీకి పందిరేస్తోందట."

"మంచిది," అంది గువ్వ.

పెద్దకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి గువ్వ ఇటు తిరిగి, కట్టు కట్టిన తల దిండు మీద సర్దుకోబోయి మొహం చిట్లించింది. పెద్దకోడలు చెయ్యి చాచి, మధ్యలో ఆపి, "సర్దనా?" అని అడిగింది. పిల్ల ఆలోచించింది. ఆలోచించి, ఔనని తలూపింది.