బొట్టు పెట్టించుకున్న మెమరీ పలక

నేను ఒక మెమరీ పలకను. కంప్యూటర్ తలలో దూరి, అది చేస్తున్న పనిని మరిచిపోకుండా చూడడం నా ఉద్యోగం. కంప్యూటర్ శుభ్రం చేయించడానికి మొగుడితో వచ్చిన మృదుల ఫోన్‌కు ఆ శుభవార్త వచ్చిన క్షణంలో మాత్రం తెనాలిలో మస్తాన్ వలి రిపేరు కొట్టు సొరుగులో, పాత స్క్రూల మధ్య నిరుద్యోగిగా పడి ఉన్నాను.

"ఏవండీ! పని మనకే ఇచ్చారు!" ఆమె కేకకు నా సొరుగు కూడా అదిరింది.

మాటలు నేర్చుకునే ఒక యంత్రం తెలుగులో రాసిన తప్పులను ఇంట్లో కూర్చుని దిద్దే పని అది. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ చోటుంది. పెళ్లయి నలభై రోజులు కూడా కాని రత్నాకర్ ఇక ఉద్యోగం కోసం సోమవారం ఒంటరిగా బెంగళూరు రైలెక్కనక్కర్లేదు. ఒక్కటే షరతు: కంప్యూటర్ మెమరీ రెట్టింపు చేసి, అది సరిపోతోందని చూపే పరీక్ష ఫలితం సాయంత్రం ఐదులోగా పంపాలి. లేకపోతే పని ఇంకొకరికి పోతుంది.

"కొత్తవి లేవమ్మా," అన్నాడు మస్తాన్. "ఏఐ కోసమని పెద్ద కంపెనీలోళ్లు ఫ్యాక్టరీ గుమ్మంలోనే ఎత్తుకుపోతున్నారు. ధర మూడింతలైనా సరుకు మనదాకా రావట్లా."

నాకు లోలోపల గర్వం పొంగింది. ఎక్కడిదో ఇసుకను కరిగించి, అద్దంలా నునుపు చేసి, కంటికి కనబడని గీతలు గీసి కొరియాలో నన్ను తయారుచేశారు. అంచున బంగారు పూత పళ్లు వరసగా పెట్టారు. ఒక ఇంజనీరింగ్ అమ్మాయి ప్రాజెక్టులకూ, ఆ తర్వాత నెట్ సెంటర్లో హాల్ టికెట్లకూ పనిచేశాక, పాతబడ్డానని పీకేశారు. ఇప్పుడు నాలాంటివాటి కోసం, రాగి కోసం, కరెంటు కోసం దేశాలే పోటీపడుతున్నాయట! అయినా ఇసుక చేత మాట గుర్తుపెట్టించిన ఈ మనుషులంటే నాకు ఎప్పుడూ అబ్బురమే.

మస్తాన్ సొరుగు లాగాడు. "ఇదుంది. మీ పెట్టెకు సరిపోద్ది." స్క్రూడ్రైవర్ కోసం అటు తిరిగాడు.

ఇంటికొచ్చే కొత్త వస్తువును మృదుల బొట్టు లేకుండా రానిస్తుందా? బ్యాగులోంచి కుంకుమ పొట్లం తీసి, తడివేలితో నా బంగారు పళ్ల మీదే నాలుగు బొట్లు పెట్టింది.

బిగించారు. కంప్యూటర్ మూడుసార్లు కూసింది. తెర నల్లగానే ఉండిపోయింది. గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

"పోయిందా అన్నా?" రత్నాకర్ తెర మీదికి వంగాడు.

మస్తాన్ నన్ను బయటికి లాగి చూసి పగలబడి నవ్వాడు. "అమ్మా, బొట్టు నుదుటన పెడతారు గానీ పళ్లకు పెడతారా!"

"నయం, పెళ్లిపీటల మీద నాకు సరైన చోటే పెట్టింది," అన్నాడు రత్నాకర్. మృదుల అతని వీపు మీద ఒక్కటిచ్చింది.

మస్తాన్ పెన్సిల్ రబ్బరు తీసి నా పళ్లు మెల్లగా రుద్దాడు. ప్రపంచమంతా కొట్టుకునే సరుకుకు వైద్యం బడిపిల్లల రబ్బరు! మళ్లీ బిగించగానే తెర వెలిగింది. పరీక్ష ఫలితం వెళ్లింది. ఐదుకు రెండు నిమిషాల ముందు జవాబొచ్చింది: సరే, మొదలుపెట్టండి.

మృదుల అక్కడికక్కడే ప్రకటించింది. "రేపు పొద్దున్నే మీ రైలు టిక్కెట్టు రద్దు చేయండి. ఎనిమిదింటికల్లా పనిలో కూర్చోవాలి. ఉప్మా మీరు చేస్తారు, మొదటి తప్పు నేను దిద్దుతా. దీనికి మళ్లీ బొట్టు పెడతా. ఈసారి పైన, కంప్యూటర్ పెట్టెకి."