ఎడమ పక్క స్పీకరు

కొత్త ఇంట్లో సామాన్లన్నీ నాలుగు రోజుల్లో సర్దుకున్నాయి గానీ, మామగారి పాటల సెట్టు మాత్రం ఒక పట్టాన కుదురుకోలేదు. ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, నడుమెత్తున్న రెండు స్పీకర్లు. అద్దె ఇళ్ళు ఎన్ని మారినా ఆయన వాటిని తన చేత్తోనే దుప్పట్లలో చుట్టి తెచ్చుకునేవాడు. ఈసారి మోకాళ్ళు మొరాయించడంతో ఆ పని కోడలి నెత్తిన పడింది.

అలా పడడంలో వింతేమీ లేదు. కార్లలో వేసే వైర్ల కట్టలు తయారుచేసే ఫ్యాక్టరీలో, జాయింట్లు పరీక్షించే విభాగంలో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోందామె. ఇంట్లో ఆమెకి "ఇన్‌స్పెక్టరమ్మ" అని పేరు. ఇక ఆమె భర్త సంగతంటారా, బల్బు మార్చాలన్నా ఫోను తీసి ఎవరినో పిలిచే రకం.

పాత ఇంట్లో ఆంప్లిఫయరు రెండు స్పీకర్ల మధ్యలో ఉండేది. ఇక్కడ ప్లగ్ పాయింటు కిటికీ పక్కన ఎక్కడో మూలన ఉంది. పాత వైర్లు ఎడమ స్పీకరు దాకా చాలలేదు. మామా కోడళ్ళిద్దరూ కలిసి షాపుకెళ్ళారు. షాపతను మఖమలు పెట్టెల్లోంచి బొటనవేలంత లావు వైర్లు తీసి, వాటితో పాట వింటే గాయకుడు పక్కన కూర్చున్నట్టే ఉంటుందన్నాడు. కోడలు ఒక వైరు చివర తీసుకుని గోటితో గీకింది. పైన రాగి రంగు, లోపల తెల్లటి అల్యూమినియం.

"ఇది వద్దండి. పెట్టెలో పెట్టనిది, అసలు రాగిది చూపించండి" అంది.

మామూలు రాగి వైరే, తగినంత మందంది తీసుకున్నారు. కుడి స్పీకరుకి మూడు మీటర్లు చాలు, ఎడమదానికి తొమ్మిది కావాలి. రెండూ తొమ్మిదే ఉండాలని మామగారు పట్టుబట్టాడు. అంత చిన్న తేడాకి వినికిడిలో ఏమీ మారదని ఆమెకి తెలుసు. అయినా పెద్దాయన ముచ్చట ఎందుకు కాదనాలని, ఊరుకుని కోయించింది.

ఇంటికొచ్చి పనిలోకి దిగింది. వైరు చివర్ల తొడుగు ఒలిచి, రాగి పోగులన్నీ ఒక్కటిగా మెలితిప్పింది. ఒక్క పోగు పక్కకి జారి అవతలి దానికి తగిలినా ఆంప్లిఫయరుకే ముప్పు. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు పెట్టి మర బిగించింది. బిగించాక మూడుసార్లు లాగి చూసింది. అత్తగారి చీపురు తగలకుండా గోడవారన క్లిప్పులు కూడా కొట్టింది. చేసిన పని చూసుకుంటే ఆమెకే ముచ్చటేసింది.

మామగారు రెండు స్పీకర్లకీ ఎదురుగా, సరిగ్గా మధ్యన తన పేము కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని పాట సగం విన్నాడు.

"ఎడమ పక్క తక్కువగా ఉందమ్మా."

ఆమె ఊడదీసి మళ్ళీ బిగించింది. "తక్కువే" అన్నాడు. ఎడమ వైరు కుడికీ, కుడి వైరు ఎడమకీ మార్చింది. ఎడమే తక్కువ. భర్తని సాయం పట్టి స్పీకర్లనే అటూ ఇటూ మార్చింది. అప్పుడూ ఎడమే. ఆంప్లిఫయరు పాత ఇంట్లో శుభ్రంగా పలికిందే కదా అని దాన్ని ఎవరూ అనుమానించలేదు. మిగిలింది ఆమె చెయ్యి. "ఆ మూలకి వంగి బిగించేటప్పుడు నీకు పట్టు చిక్కడం లేదు" అని తేల్చేశాడాయన.

ఆమె ఆ కుర్చీలో కూర్చుని వింటే రెండూ సమానంగానే ఉన్నాయి. ఆ మాట పైకి అనలేదు. అని ఏం లాభం? మామగారు కోర్టులో స్టెనోగా ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసిన మనిషి. జడ్జిగారు గొణిగినా, సాక్షి మాటని నోట్లోనే నమిలేసినా, అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టేవాడు. ప్లీడర్లు తగువు పడితే ఆయన రాసిందే ఆఖరు మాట. వంటింట్లో కుళాయి కారుతోందన్నా, గొళ్ళెం పడలేదన్నా ఇంట్లో అందరూ లేచి వెళ్ళి చూసేవాళ్ళే. రోజంతా మిషన్ల రొదలో నలిగే తన చెవులెక్కడ, ఆ చెవులెక్కడ అనుకుందామె.

మూడు వారాలు గడిచాయి. ఆదివారం వస్తే చాలు, ఆమె నడుం వంచి ఆ మూలలో దూరడం, ఆయన తల అడ్డంగా ఊపడం. అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె తండ్రి ఫోను చేస్తే మామగారు నవ్వుతూనే అన్నాడు: "బావగారూ, మీ అమ్మాయి ఆ ఫ్యాక్టరీలో ఎలా పాసు చేస్తోందో గానీ, మా ఇంట్లో ఒక్క జాయింటు నిలవడం లేదండీ." తండ్రి కూడా నవ్వేసి ఊరుకున్నాడు. ఆమెకి మాత్రం మొహం మాడిపోయింది.

అది పనిలోకీ పాకింది. మంచి జాయింటు చూసినా అనుమానమే. ఒక రోజు సూపర్‌వైజరు పక్కకి పిలిచింది. "నువ్వు ఈ వారం వెనక్కి పంపినవాటిలో సగం బాగున్నవే. ఏమైంది నీకు? ఇలాగే ఉంటే నిన్ను ప్యాకింగ్‌కి మార్చమంటారు" అంది. ఎనిమిదేళ్ళ పనితనం చేతిలోంచి జారిపోతున్నట్టనిపించి ఆమెకి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున షిఫ్టు మొదలుపెడుతూ, రోజూ చేసే పనే చేసింది. జాయింట్లు లాగి చూసే మిషను ఒకటుంటుంది. ముందుగా దానికి, బాగుందని ఖాయంగా తెలిసిన జాయింటు ఒకటి పెట్టి లాగించాలి. అంకె సరిగ్గా చూపిస్తేనే ఆ రోజుకి మిషను మాట నమ్ముతారు. అంకె సరిగ్గానే చూపించింది. ఆమె మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఇంట్లో వైరు చూసింది, ప్లగ్గు చూసింది, స్పీకరు చూసింది. కొలిచేదాన్ని మాత్రం చూడలేదు. ఆ కొలిచేది ఏమిటో అప్పుడు తట్టింది.

ఆదివారం పొద్దున్నే అత్తగారూ భర్తా కూరగాయలకి వెళ్ళారు. ఆమె కుర్చీ దగ్గరికి వచ్చింది.

"మామయ్యగారూ, ఇవాళ ఒక్కసారి అటు తిరిగి కూర్చుంటారా? స్పీకర్లకి వీపు పెట్టి."

"ఇదేం తిరకాసు? పాట వీపుతో వినమంటావా?" అన్నాడు గానీ లేచాడు. ఆమె కుర్చీ తిప్పింది. ఇప్పుడు గొడవ పెడుతున్న స్పీకరు ఆయనకి కుడి పక్కన ఉంది. తప్పు నిజంగా తనదే అయితే, ఇప్పుడు కుడి పక్క తక్కువగా వినిపించాలి. పాట పెట్టింది. మూడు వారాలుగా తన బిగింపు సరైనదని రుజువు చేయాలని తపించిన మనిషి, ఆ నిమిషంలో అది వదులుగానే ఉండాలని కనపడని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

"ఎడమే తక్కువమ్మా" అన్నాడాయన వెంటనే.

ఆయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఉన్న గోడ చూశాడు. మెడ తిప్పి వెనక స్పీకర్లు చూశాడు. అరచేత్తో కుడి చెవి మూసుకుని కాసేపు ఉన్నాడు, మళ్ళీ తీశాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఇతరుల మాటల్లో మెలికలు పట్టుకున్న మనిషికి వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు చివరికి.

ఆమె కుర్చీ యథాస్థానంలో పెట్టేసరికి తలుపు చప్పుడైంది. భర్త సంచులు దింపుతూ, "ఇన్‌స్పెక్టరమ్మా, ఇవాళైనా కుదిరిందా?" అన్నాడు.

"కుదిరింది. తప్పు నాదే. లోపల మర సగమే పట్టింది, నేనే చూసుకోలేదు" అందామె.

"మూడు వారాలుగా ఆయన చెవినిల్లు కట్టుకుని పోరుతుంటే నువ్వు వింటేగా" అంది అత్తగారు.

"ఈ ముక్క మీ ఫ్యాక్టరీలో మాత్రం చెప్పకు, గేట్లోంచే పంపించేస్తారు" అని భర్త నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, ఉల్లిపాయల సంచి తీసుకుని వంటింటి వైపు నడిచింది.

"ఆగమ్మా" అన్నాడు మామగారు.

కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఇంట్లో ఇవాళ ఒక అబద్ధం రికార్డయింది. నా ఎదురుగా అలాంటిది నిలవనివ్వను. ఆమె జాయింట్లు మొదటి రోజు నుంచీ సరిగ్గానే ఉన్నాయి. పోయింది నా ఎడమ చెవి."

భర్త నవ్వు సగంలో ఆగిపోయింది. అత్తగారు ఆయన ఎడమ భుజం దగ్గర నిలబడి ఏదో అంది, ఆయన పలకలేదు. ఆవిడ నోరు నొక్కుకుని, చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుంది.

మామగారు అప్పుడే ఫోను తీసుకుని వియ్యంకుడికి చేశాడు. "బావగారూ, మీ అమ్మాయి గురించి నేనన్న మాట తప్పు. నవ్వులాటకి కాదు, నిజంగా తప్పు" అని, కారణం కూడా ఏమీ దాచకుండా చెప్పి పెట్టేశాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు.

"రేపు డాక్టరు దగ్గరికి నువ్వు తీసుకెళ్ళు. వీళ్ళైతే జాలిపడి సగం మింగేసి చెబుతారు నాకు."

"నేను మాత్రం? ఇందాక నేనూ దాచాను కదండీ" అంది.

"దాచావు. నా లోటు తీసుకెళ్ళి నీ చేతి మీద వేసుకున్నావు. నీ చెయ్యి మంచిదమ్మా. ఇంకెప్పుడూ ఆ పని చేయకు."

ఆమె ఉల్లిపాయల సంచి కింద పెట్టేసి, సెలవు కావాలని చెప్పడానికి సూపర్‌వైజరుకి ఫోను కలిపింది.