కుట్టుకి వదిలిన నాలుగు సెకన్లు

సాయంత్రం ఐదింటిలోగా, నిమిషానికి మించని వీడియో ముక్క పంపాలి. చొక్కాకి కాలర్ ఎక్కించే పని అందులో కుట్టు కుట్టూ కనబడాలి. అది నచ్చితే శిక్షణ కేంద్రంలో కుట్టుపని టీచరు ఉద్యోగం. నచ్చకపోతే మళ్ళీ ఇదే ఇరుకు కొట్టు. ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కుతున్న టైలరమ్మకి ఆ ఉద్యోగం కావాలి. మామూలుగా కాదు, అన్నం సహించనంతగా కావాలి.

రెండు గంటల పనంతా ఒకే వీడియోగా తీసిపెట్టుకుంది. అందులోంచి ముక్క తీసే బాధ్యత మరిది నెత్తినేసుకున్నాడు. ఇంట్లో అతని పేరు సర్వజ్ఞుడు. తెలియదన్న మాట అతని నోట విన్నవాళ్ళు ఇంకా పుట్టలేదు.

మొదటి సాఫ్ట్‌వేర్ చూడముచ్చటగా ఉంది. ముక్కా కోసింది. కాకపోతే కాలర్ మీద అడ్డంగా తన పేరు అచ్చేసుకుంది.

"సొమ్మొకడిది, సోకొకడిది. తీసెయ్," అంది టైలరమ్మ.

రెండోది పేరు వేసుకోలేదు. ముక్కను మొదటినుంచీ మళ్ళీ తయారుచేస్తానని ముప్పావుగంట మూలిగి, కుట్లన్నీ అలికేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. గడియారం నాలుగుంపావు దాటింది.

మూడోది మొహం కడుక్కోనట్టుంది. రెండు బటన్లు, కోతకి ఒక గీత, అంతే. కానీ రెప్ప వేసేలోగా కోసేసింది, బొమ్మ నాణ్యత రవ్వంత తగ్గలేదు. తీరా చూస్తే మొదటి మూడు సెకన్లూ తెర నల్లగా ఉండి, మిషను చప్పుడే వినిపించింది. సూది దిగే చోటే మాయం.

"ఇదీ దండగే వదినా," అన్నాడు మరిది.

"ఎందుకలా అయింది?"

సర్వజ్ఞుడు నసిగాడు. "వీడియోలో ప్రతి బొమ్మా నిండుగా ఉండదు. కొన్ని సెకన్లకొకటి నిండు బొమ్మ వస్తుంది. ఇది అక్కణ్ణుంచే చూపించగలదు, అందాకా నలుపే."

"మరి సరిగ్గా సూది దిగే చోటే ఎందుకు కోశావు?"

"మనకి కావలసింది అక్కణ్ణుంచే కదా."

టైలరమ్మకి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉండి గీత మీదే కోస్తావా? కుట్టుకి కాస్త గుడ్డ వదలొద్దూ? జరుగు."

కత్తెర పట్టే చేత్తో మౌస్ పట్టుకుని, గీతను నాలుగు సెకన్లు వెనక్కి జరిపింది. మొత్తం యాభై ఎనిమిది సెకన్లు. నలుపంతా ఆ వదిలిన చోటే అయిపోయింది. తర్వాత సూది దిగింది, కాలర్ మలుపు తిరిగింది, ప్రతి కుట్టూ లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది. ఐదుకి ఎనిమిది నిమిషాలుందనగా పంపేసింది.

మర్నాడు పొద్దున్నే శిక్షణ కేంద్రం నుంచి ఫోన్.

"అందరివీ చూశామండీ. సూది దిగడం కనబడింది మీ వీడియోలోనే. సోమవారం నుంచి క్లాసులు తీసుకోగలరా?"

"తీసుకుంటానండీ," అంది టైలరమ్మ. ఎదురుగా మరిది, తనకే ఉద్యోగం వచ్చినంత సంబరంగా చూస్తున్నాడు.

ఫోన్ పెట్టేసేసరికి గుమ్మంలో ఎవరో పిలిచారు. "టైలరమ్మా, నా చొక్కా అయిందా?"

"టీచరమ్మని," అంది ఆమె. "లోపలికి రండి, ఇస్తాను."